‘గిలకబావి’పై అభిప్రాయం: మూడు ప్రతులు

మా ఊళ్ళో బియ్యానికి కరువొచ్చింది, కిరసనాయిలుకు కరువొచ్చింది, ఒక ఏడాది కొబ్బరికాయలకు కూడా వచ్చింది గాని అభిప్రాయాలకు మాత్రం ఎప్పుడూ రాలేదు. అలాంటి ఊళ్ళో సినిమా చూసొచ్చి ఎలా ఉందో చెప్పడానికి మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవలసిన రోజొకటి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ దరఖాస్తులు తీసుకునే యోగం శాఖా గ్రంథాలయం చూసుకునే నాకు పట్టింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

‘గిలకబావి’ ముప్పై ఏళ్ళ కిందటి నవల. సుభాషిణి అనే కొత్త పెళ్ళికూతురు అద్దెకు దిగిన ఇంటి పెరట్లో ఒక బావి ఉంటుంది. తోడే మనిషి లేకుండానే దాని గిలక తిరుగుతుంటుంది. రెండువందల ఎనిమిదో పేజీలో ఆ పిల్ల బావి దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూస్తుంది. మా గ్రంథాలయం కాపీ అక్కడితో సరి.

నవల అక్కడితో అయిపోదు. చివరి పదహారు పేజీలు ఊడిపోయాయి. ఊడిన కాగితాలను ‘బైండింగు నిమిత్తం’ అని రాసి బల్ల సొరుగులో భద్రపరచాలని మా నియమం. భద్రపరిచాను. బైండింగుకు అనుమతి కోరుతూ పైకి రాశాను. రాసి తొమ్మిదేళ్ళయింది. ఈలోగా ఊళ్ళో ఒక ఆచారం తయారైంది. రెండువందల ఎనిమిది దాకా చదివినవాళ్ళు ఉండబట్టలేక గ్రంథాలయానికి పరుగెత్తుకొస్తారు. నా బల్ల పక్కనున్న బెంచీ మీద కూర్చుని, సొరుగులోంచి నేను తీసిచ్చిన పదహారు పేజీలూ చదివి, తిరిగిచ్చి వెళ్ళిపోతారు. కొందరైతే నేను తాళం తీయకముందే నోట్లో వేపపుల్లతో వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

ఆ నవలను ఎవరో సినిమా తీశారు. మా ఊరి మహోదయా టాకీసులో వేశారు. మూడో రోజు పొద్దున్నే టిఫిను హోటల్లో డిగ్రీ కాలేజీ లెక్చరరుగారు పెసరట్టు తుంపుతూ, “నవల్లో ఉన్న భయంలో పావలా వంతు కూడా సినిమాలో లేదు” అన్నారు. పక్క బల్ల మీదున్న దర్జీ అప్పలస్వామికి ఆ మాట గుచ్చుకుంది.

“బయం లేపోతే మరి రెండ్రోజుల్నించీ మా ఆవిడ నూతికాడికి నన్నెందుకు తోలతందండీ? నీళ్ళు మోసి మోసి బుజాలు పడిపోతన్నాయి!” అన్నాడు.

మాటా మాటా పెరిగింది. అల్లం చట్నీ లెక్చరరుగారి చొక్కా మీద పడింది. ఇలాంటి చట్నీలు చాలా ఊళ్ళలో పడ్డాయట. ప్రభుత్వం ఆలోచించింది. జనం అభిప్రాయాలు అదుపు తప్పి తిరుగుతున్నాయని తేల్చి, ‘ప్రేక్షకాభిప్రాయ క్రమబద్ధీకరణ మండలి’ని ఏర్పాటు చేసింది. మా ప్రాంతానికి అభిప్రాయాధికారిగా నేమాని వరాహరావుగారు వచ్చారు. అంతకు ముందు ఆయన ఇరవై రెండేళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. ముద్ర లేని రాయీ, ముద్ర లేని మాటా రెండూ మోసమేనని ఆయన నమ్మకం.

వచ్చిన రోజే గ్రంథాలయానికి దయచేశారు. కుర్చీని వేలితో తుడిచి కూర్చున్నారు.

“మూలగ్రంథము చదువకనే చలనచిత్రముపై అభిప్రాయము వెలిబుచ్చుట, తూకపురాయి లేకుండా సరుకు అమ్ముట వంటిది. ఇకమీదట నవల చదివినట్లు మీరు ధ్రువీకరించిన వ్యక్తులు మాత్రమే అభిప్రాయము చెప్పవలెను. ‘ఘ’ నమూనా. మూడు ప్రతులు.”

“చిత్తమండి. కాకపోతే నవల ఒక్కటే కాపీ ఉందండి. ఒక్కొక్కరికి పద్నాలుగు రోజుల గడువండి.”

“కాలపరిమితి లెక్కించి నివేదించుడు.”

లెక్క కట్టాను. అప్పటికి సినిమా చూసినవాళ్ళు ఆరు వేల మంది. మనిషికి పద్నాలుగు రోజుల చొప్పున, సెలవులు తీసేయకుండా, రెండువందల ముప్పై ఏళ్ళు పడుతుందని రాసి పంపాను. ఇది చూస్తే వాళ్ళకే సిగ్గేస్తుందనుకున్నాను. నాలుగో రోజున జవాబొచ్చింది. “మీరు ప్రతిపాదించిన కాలపరిమితి ఆమోదించడమైనది. ఇకనైనా జాప్యము లేకుండా ప్రారంభించవలెను.”

ఇంతవరకూ నాకు నవ్వుగానే ఉంది. ఆ సాయంత్రం మాణిక్యాలమ్మగారు వచ్చాకే నవ్వు పోయింది.

వాసంశెట్టి మాణిక్యాలమ్మగారు మహోదయా టాకీసు యజమానురాలు. అరవై దాటాయి. మాట్నీకి గేటు దగ్గర టిక్కెట్లు ఆవిడే చింపుతారు. బాల్కనీ కుర్చీ నొక్కుకుపోతే తనే కొబ్బరిపీచు కూరి, దబ్బనంతో కుట్టేస్తారు. ఏ కుర్చీకి ఎన్ని కుట్లున్నాయో ఆవిడకు కంఠతా వచ్చు. నేను చిన్నప్పుడు నేల టిక్కెట్టు కొనుక్కుని ఆ హాల్లోనే పెరిగాను. ఆవిడ మండలి పంపిన నోటీసొకటి నా బల్ల మీద పెట్టారు.

“ఏవండీ త్రినాథుగారూ, ఇదేంటో చదివి చెప్పండి. మా హాల్లో ఎవ్వరూ లేరంటన్నారంటండీ! నిన్న మాట్నీకి బల్లలు కూడా ఏయించాను కదండీ!”

చదివాను. పదకొండో నిబంధన. ‘పదిహేను దినముల పాటు ఒక్క ధ్రువీకృత అభిప్రాయమైనను వెలువడని చిత్రము, చూడబడని చిత్రముగా పరిగణించబడును. చూడబడని చిత్రమును ప్రదర్శించు హాలు, ఖాళీ హాలుగా పరిగణించబడును. ఖాళీ హాలును మండలి తన అవసరములకు స్వాధీనపరచుకొనును.’ మండలి అవసరమేమిటో కూడా కింద రాశారు. ‘ఘ’ నమూనాలు నిలవ చేసుకోవడానికి గోదాము కావాలి. గడువు ఇరవై ఒకటో తేదీ.

“అంటే ఒక్కడంటే ఒక్కడు, రూలు ప్రకారం, సినిమా ఎలా ఉందో చెప్పాలండి. లేకపోతే హాలు తీసుకుంటారు.”

“ఎలా ఉందో సెప్పడానికేవండీ, ఊరు ఊరంతా అదే పని మీదుంది కదా!”

“అవన్నీ చెల్లవండి. చదివినవాళ్ళు చెప్పాలి.”

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “ఆ హాలు పోతే నేనేం చేత్తానండీ ఇంట్లో కూకుని. పెరట్లో నూతిలోకి చూత్తా కూకోవాలా?” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కోపం రావడానికి ఏ నమూనా నింపాలో ఇంకా ప్రకటించలేదు కాబట్టి ధైర్యంగానే వచ్చింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి టాకీసులో తెర ముందు కుర్చీ వేసుకుని నవల పైకి చదవడం మొదలుపెట్టాను. మాణిక్యాలమ్మగారు వచ్చినవాళ్ళకు మజ్జిగ పోయించారు. మొదటి రోజు నలభై మంది, నాలుగో రోజుకు నాలుగు వందల మంది. ఆడవాళ్ళు బియ్యం చేటలు తెచ్చుకుని రాళ్ళు ఏరుకుంటూ వినేవారు. వారం రోజుల్లో, సొరుగులోని పదహారు పేజీలతో సహా, నవల పూర్తి చేశాను. నాలుగు వందల ‘ఘ’ నమూనాలు సంతకం పెట్టి పంపాను.

నాలుగు వందలూ తిరిగొచ్చాయి. ‘చెవి పఠనేంద్రియము కాదు. వినుట, చదువుట కానేరదు.’

చూపులేనివాళ్ళ సంగతేమిటని రాశాను. దానికి మండలి కొంచెం ఇబ్బంది పడినట్టుంది. రెండు రోజులు ఆగి, వినడం కూడా చదవడమేనని ఒప్పుకుంది. మాణిక్యాలమ్మగారు ఆంజనేయస్వామికి వడమాల వేయించి వచ్చారు. ఆ వడలు నేనింకా తింటూండగానే మరో ఉత్తర్వు దిగింది. నవల చదివినవారికి కథ ముందే తెలిసిపోవును గనుక వారి అభిప్రాయము పూర్వజ్ఞానముచే కలుషితమగును. కావున అభ్యర్థి నవలను చదివి ఉండవలెను, చదివినదానిని మరచి ఉండవలెను. మరచినట్లు ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రము జతపరచవలెను.

నవల విన్నవాళ్ళంతా ఆస్పత్రి ముందు వరస కట్టారు. డాక్టరుగారు మంచివారే. కాని ఆయనకు ఇచ్చిన ప్రశ్న ఒక్కటే: “గిలకబావి కథ మీకు గుర్తున్నదా?” ఉందన్నవాళ్ళు సరే, పోయారు. లేదన్నవాళ్ళు కూడా పోయారు. ఏది గుర్తు లేదో గుర్తుంటేనే గదా లేదని చెప్పగలిగేది! మొత్తం మీద పరీక్ష నెగ్గినవాడు ఒక్కడే, రిక్షా సూరయ్య. వాడు “ఏ బావండీ?” అన్నాడు. డాక్టరుగారు సంబరంగా ధ్రువపత్రం రాసి తలెత్తేసరికి సూరయ్య లేడు. ఎందుకొచ్చాడో కూడా మరిచిపోయి, దగ్గుమందు సీసా పోయించుకుని ఇంటికెళ్ళిపోయాడు. తరవాత ఎంత బతిమాలినా తనకే సినిమా సంగతీ తెలియదన్నాడు. అది కూడా నిజమే అయివుంటుంది.

అలా పంతొమ్మిదో తేదీ వచ్చింది. వరాహరావుగారు మళ్ళీ గ్రంథాలయానికి వచ్చారు.

“ఇరవై ఒకటిన మధ్యాహ్నపు ఆటకు వచ్చి, హాలు ఖాళీగా ఉన్నట్లు స్వయముగా ధ్రువీకరించెదను. ఆ సందర్భముననే చిత్రములోని భయమును నవలలోని భయముతో సరితూచవలెను. కేక వేయుట, పరుల చేయి పట్టుకొనుట భయమునకు నిదర్శనములని ఉత్తర్వు. తూచుటకు ప్రామాణిక భయము అవసరము. ఆ నవల ఇటు తెండు.”

“తమరు చదువుతారాండి?”

“తూకపురాయిని పట్టి చూడని అధికారి అధికారియే కాడు.”

రిజిస్టరులో సంతకం తీసుకుని పుస్తకమిచ్చాను. మర్నాడు మధ్యాహ్నమే తిరిగి తెచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కుర్చీని తుడవకుండానే కూర్చున్నారు.

“చూచితిని. ఆమె బావిలోనికి తొంగి చూచుటతో రచయిత నవలను ముగించినాడు. ఆధునిక ధోరణి. ముగింపును పాఠకునికి విడిచిపెట్టుట. మెచ్చదగినది.”

నేను నోరు తెరిచాను. సొరుగు మీద చెయ్యి కూడా వేశాను. అంతలో మండలి నాలుగో ఉత్తర్వు గుర్తొచ్చింది. అధికారి కోరని సమాచారమును క్రిందివారు అందించుట, అధికారిని ప్రభావితము చేయుటగా పరిగణించబడును. నియమమంటే నియమమే కదా. నోరు మూసుకున్నాను, చెయ్యి కూడా తీసేశాను.

ఇరవై ఒకటో తేదీ మాట్నీకి జనం విరగబడి వచ్చారు. అదే ఆఖరాట అని ఊరంతా తెలిసిపోయింది. ఎనిమిది వందల మంది, గోడల పక్క నిలబడినవాళ్ళు వేరు. వరాహరావుగారు గేటు దగ్గర జనాన్ని తోసుకుంటూ, మోచేతులతో దారి చేసుకుంటూ లోపలికొచ్చారు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది. బాల్కనీ ముందు వరసలో కూర్చుని, పుస్తకం తీసి, ‘ప్రవేశించు సమయమునకు హాలు ఖాళీ’ అని రాసుకున్నారు. ఆయనకు ఎడమవైపు మాణిక్యాలమ్మగారు, కుడివైపు నేను. ఆవిడ ఒళ్ళో తాళాలగుత్తి ఉంది. ఆట కాగానే అప్పగించాలి.

సినిమా మొదలైంది. మా ఊళ్ళో సినిమా నోరు మూసుకుని చూడరు. ఆ సుభాషిణి పెరటి తలుపు మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆడవాళ్ళంతా, “ఎల్లకే తల్లా! నీళ్ళు రేపు తోడుకోవచ్చే!” అని అరిచారు. అప్పలస్వామి, “మీ ఆయన్ని పంపించవే!” అని ఒకటే గోల. వరాహరావుగారు మాత్రం మేకు కొట్టినట్టు కూర్చున్నారు. గిలక కిర్రుమన్నప్పుడల్లా పుస్తకంలో ఒక గీత గీసుకున్నారు.

సుభాషిణి బావి దగ్గరికి వెళ్ళింది. వంగింది. లోపలికి తొంగి చూసింది.

వరాహరావుగారు కలానికి మూత పెట్టారు. “సమాప్తము” అన్నారు. లేచి, తెరకు వీపు పెట్టి, చేతిసంచీ సర్దుకోసాగారు. “ఇక దీపములు వేయించుడు.”

“బాబూ, కూకోండి…” అన్నారు మాణిక్యాలమ్మగారు.

“కూర్చొనుటకేమున్నదమ్మా! నవల ఇక్కడికే.”

కిర్రుమంది. హాలంతా ఒక్కసారి చప్పబడిపోయింది. దీపాలు వెలగలేదు. ఆయనకు అనుమానం వచ్చి వెనక్కి తిరిగారు. తెర మీద సుభాషిణి చేతిలోని చేదతాడును కిందనుంచి ఎవరో లాగుతున్నారు. మెల్లిగా, బుట్ట అల్లుకునేవాళ్ళు నార లాక్కున్నట్టు, తాపీగా లాగుతున్నారు. ఆ పిల్ల ముందుకు జరుగుతోంది. ఒక తడి చెయ్యి బావి గట్టు మీదికి వచ్చింది.

“అమ్మోయ్!” అని కేక. ఎనిమిది వందల గొంతులున్న హాల్లో అది విడిగా వినపడింది. “ఒసే పిల్లా! తాడొదిలెయ్యవే! నీకు పుణ్యముంటుంది, వదిలెయ్యవే అమ్మా!”

ఆ కేక వరాహరావుగారిది. సంచీ ఎటు పోయిందో పోయింది. రెండు చేతులతో మాణిక్యాలమ్మగారి చెయ్యి పట్టుకుని ఆఖరి దాకా అలాగే నిలబడిపోయారు.

దీపాలు వెలిగాయి. ఎవ్వరూ లేవలేదు. నేను జేబులోంచి ‘ఘ’ నమూనా తీసి, అభిప్రాయమనే గడిలో ఆయనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, ఆయన ముందు పెట్టాను.

“ఇదేమి?” అన్నారు.

“తమ అభిప్రాయమండి. నవల చదివినట్టు రిజిస్టరులో తమ సంతకం ఉందండి. ముగింపు తమకు తెలియదు కాబట్టి పూర్వజ్ఞానం అంటలేదండి, మరిచే పనీ డాక్టరు కాగితం పనీ లేదండి. కేక వేయుట, పరుల చేయి పట్టుకొనుట భయమునకు నిదర్శనములని తమ ఉత్తర్వులోనే ఉందండి. అన్నీ సరిపోయినవాళ్ళు ఈ ఊళ్ళో తమరొక్కరేనండి.”

ముగింపు తెలియదన్న మాట ఆయనకు అప్పుడు ఎక్కలేదు. గొంతు సవరించుకున్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు మళ్ళీ ఆ గొంతులోకి వచ్చింది.

“అది అభిప్రాయము కాదు, ఉద్వేగము. అయిననూ దానికి సాక్షులెవరు? రికార్డు ప్రకారము ఈ హాలులో ఎవరునూ లేరు. ఎవరునూ లేనిచోట నేను కేక వేసినట్లు ఎవరు విన్నారు?”

ఎనిమిది వందల మంది ఆయన వైపే చూస్తున్నారు. రికార్డును గౌరవిస్తున్నట్టు ఒక్కడు కూడా దగ్గలేదు.

మాణిక్యాలమ్మగారు నెమ్మదిగా అడిగారు. “అవును లెండి బాబూ. గవర్నమెంటోరు ఎవరూ లేరంటే లేనట్టే. మరి ఎవరూ లేని హాల్లో, తమరు ఇందాకట్నించీ పట్టుకున్న ఈ చెయ్యి ఎవరిదండీ?”

వరాహరావుగారు కిందికి చూసుకున్నారు. చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నారు. హాలు వెనక కేంటీనువాళ్ళు అప్పుడే నీళ్ళు తోడుతున్నారు కాబోలు, గిలక కిర్రుమంది.

ఆయన సంతకం పెట్టారు. మూడు ప్రతుల మీదా పెట్టారు. నాలుగోది కూడా ఉందా అని అడిగారు. అప్పుడు లేచింది హాలు, ఈలలతో కప్పు ఎగిరిపోయేటట్టు. మాణిక్యాలమ్మగారు తాళాలగుత్తి బొడ్డున దోపుకుని, ఏడుస్తూనే ఫస్టుషోకి టిక్కెట్లు చింపడానికి గేటు దగ్గరికి పరుగెత్తారు. నేను కూడా ఏడ్చాను. సినిమాకు ఏడ్చానేమో అనుకుంటారని కళ్ళు తుడుచుకున్నాను.

మహోదయా టాకీసులో ఒక మనిషి ఉన్నట్టు మండలి అంగీకరించింది. ఒక మనిషి ఉంటే హాలు ఖాళీ కాదు గనుక నోటీసు రద్దయింది.

రెండు రోజుల తరవాత, గ్రంథాలయం తలుపు తీద్దామని వెళ్ళేసరికి గుమ్మంలో వరాహరావుగారు నిలబడి ఉన్నారు. చేతిలో సంచీ లేదు, నోట్లో వేపపుల్ల ఉంది. దాన్ని పారేసి, అటూ ఇటూ చూశారు.

“త్రినాథుగారూ, ఆవేళ మీరేదో అన్నారు… ముగింపు నాకు తెలియదని. హోటల్లో ఎవరో మీ సొరుగు సంగతి చెప్పారండి.”

అడిగారు కాబట్టి ఇవ్వవచ్చు. సొరుగు తీసి పదహారు పేజీలూ ఇచ్చాను. బెంచీ చూపించాను. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. పదమూడో పేజీ దగ్గర బెంచీ మీద నా వైపు కాస్త జరిగారు. పదహారూ అయ్యాక కాగితాల అంచులు సరిచేసి, రెండు చేతులతో తిరిగిచ్చారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

“అనకూడదు గాని, సినిమాలో ఇందులో పావలా వంతు కూడా లేదండీ. నవలే బాగుంది.”

నేను రెండో సొరుగు లాగి, ‘ఘ’ నమూనా తీసి ఆయన ముందు పెట్టాను.

“మూడు ప్రతులండీ” అన్నాను.